ఎనిమిది సాంచాల నడక

నాకు కాలు నిలవది. కూసోమంటె కూసుంట, గని రెండు నిమిషాలే. మూడో నిమిషంల లేస్త. ఎందుకు లేసిన్నో నాకే తెల్వది. "మనిషివా, ఫ్యాను రెక్కవా?" అంటది నా పెండ్లాం. పెండ్లాం అన్ననని తప్పు వట్టకుండ్రి, మా దిక్కు గట్లనే అంటం, పావురంగ, ప్రేమతోనే అంటం.

ఇది రోగం గాదు. బీపీ సూపిచ్చుకున్న, షుగర్ సూపిచ్చుకున్న, ఏం లేదన్నరు. ఇది సాంచాలు నేర్పిన నడక. సిరిసిల్ల సంగతి తెల్వనోళ్లకు జెప్తున్న, కరెంటు మీద నడిసే మగ్గాన్ని మేము సాంచ అంటం. ఒక్క మనిషికి ఎనిమిది సాంచాలు అప్పజెప్తరు. అటు నాలుగు, ఇటు నాలుగు, నడిమిట్ల సన్నటి సందు. పేక దారం చుట్టిన కండెను, అటు ఇటు ఉరికే నాడెల వెట్టి హ్యాండిల్ కొడ్తె సాంచ నడుస్తది. నాలుగైదు నిమిషాలల్ల గా కండె ఒడుస్తది. ఒకదాని కండె మార్చి రెండోదానికాడికి, ఆడికెళ్లి మూడోదానికాడికి, గిట్ల ఎనిమిది తిరిగొచ్చేసరికి మొదటిదాని కండె ఒడవనీకొస్తది. మల్ల తిరుగుడే. గడియారం దిక్కు సూసుడు ఉండది. ఎప్పుడు ఏడికి పోవాల్నో కాళ్లకే తెలుసు. ఇరవై రెండేండ్లు గదే సందుల తిరిగిన. గంత దూరం సక్కగ నడిస్తె ఏ దేశంల తేలుతుంటినో ఏమో, నేనైతె పొద్దుగాల షెడ్డుకు పోయి పొద్దుమీకి గదే షెడ్డు తలుపులకెళ్లి బయటవడ్డ.

మాది రుద్రంగి. మాకు గుంట భూమి లేదు. మా నాయిన ఒకరి పొలంల నాటేసి, ఇంకొకరి పొలంల కోసి, ఎండకాలం ఉపాధి పనికి పోయి మమ్ముల సాదిండు. మా ఇంట్ల నేత ఎవ్వలికి రాదు. ఇరవై ఏండ్లప్పుడు సిరిసిల్ల వచ్చి, ఒక ఆసామి షెడ్డుల నిలవడ్డ. ఆసామి అంటె సాంచాలు కొనుక్కొని మాలాంటోళ్లను పెట్టి నేయించేటాయన. పెద్ద షావుకారేం గాదు, మంచోడు, జర నోటి దురుసు. "అరేయ్, నీ చేతులు పొలం చేతులురా, దారానికి పనికిరావు" అని మొదటి నెలంత తిట్టిండు. నాకు పట్టుదల ఎక్కువ. ఏడాది తిరగకముందే ఎనిమిది సాంచాలు నడిపి సూపిచ్చిన. గప్పటినుంచి తిట్టుడు బందువెట్టలే, గని పనికి వంక పెట్టుడు బందువెట్టిండు.

సర్కారు పంచే చీరల ఆర్డర్లు ఉన్నన్ని దినాలు మాకు ఊపిరి తీసుకునే తీరిక లేకుండె. గవి తగ్గినయ్. పాలిస్టర్ గుడ్డ నేద్దామంటె సూరత్ మిల్లుల గుడ్డ మా గుడ్డకన్న అగ్గువకొస్తది. కొనేటోడు ఎటు పోతడు? అటే పోతడు. మా వాడల ఒక్కొక్క షెడ్డు సప్పుడు ఆగుకుంట వచ్చింది. మొదట్ల మంచిగనే అనిపిచ్చింది, ఫోన్ల మాట ఇనవడ్తుంది అనుకున్నం. తర్వాత గా నిశ్శబ్దానికే పాణం ఒక తీరయింది. మా ఆసామికి పదహారు సాంచాలుండె. ఒకనాడు ట్రాక్టర్ వెట్టి ఎనిమిదింటిని పాత ఇనుప సామాన్లోనికి తూకానికి ఏసిండు. ఆటిని నడిపేటోడు నా జోడీగాడు, పన్నెండేండ్లు ఒక్క టిఫిన్ డబ్బల తిన్నోళ్లం. వాడు గదే వారం భీమండి పోయిండు. "నువ్వు గూడ రా, ఈడ సాంచాలున్నయ్, రూమ్ ఉన్నది" అని దినాం ఫోన్ జేసుడు.

పోవాల్నా, ఉండాల్నా? గీ ఒక్క ముచ్చటనే నా నెత్తిల తిరుగుతుండె. పోతె నేనొక్కన్నే పోవాలె. మా బిడ్డ కరీంనగర్ల హాస్టల్ల ఉండి చదువుతది, నెలకొకసారి ఇంటికొస్తది, తల్లిని గూడ తోల్కపోతె ఎవలు లేని ఇంటికి అది ఎట్లొస్తది? నలభై ఏండ్లు దాటినంక ఎవని రూముల్నో చాప పరుసుకొని వండుకొని తినుడు నాతోని గాదు. ఉందామంటె పని లేదు. గప్పుడు మిగిలినయ్ ఎనిమిదే సాంచాలు, నావే. అవి ఆగి ఉన్నయ్. రేపో మాపో ట్రాక్టర్ వాటికొస్తదని నాకు తెలుసు, ఆసామికి తెలుసు, ఇద్దరం గా మాట ఎత్తలే.

నా పెండ్లాం తల్లిగారిల్లు కోరుట్ల. కోరుట్ల అంటె బీడీలు. ఆమె పదేండ్లున్నప్పటి సంది బీడీలు చేస్తది. పొద్దుగాల చాట ఒళ్లె వెట్టుకొని కూసుంటె పగటీలి బువ్వ దాక లేవది. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు, మూతి మలుసుడు. చేతులు ఆడ్తయ్, మనిషి కదలది. టీవీ నడుస్తుంటది, చెవు అటు, కన్ను చాటల. ఇంట్ల నేను తిరుగుతుంటె ఆమెకు చిరాకు, ఆమె గట్ల కూసుంటె నాకు చిరాకు. బీడీ కంపెనీ గూడ నెలల పది దినాలకే ఆకు ఇస్తుంది. తాగేటోళ్లు తగ్గిండ్రట. తాగుడు తగ్గుడు మంచిదే, కాదనను. గని మంచిదైనప్పుడల్ల మా ఇండ్లల్లనే ఎందుకు పొయ్యి ఆరుతదో నాకు సమజ్ కాదు.

గిట్లుండంగ జగిత్యాలల ఒక మేడం సంగతి తెలిసింది. చిన్న పిల్లల అంగీలు, జోలెసంచులు కుట్టిచ్చి పెద్ద పట్నాలకు పంపుతది. ఆమెకు అచ్చమైన నూలు గుడ్డ గావాలె, పాలిస్టర్ పోగు ఒక్కటి ఉండద్దు. ఎక్కడ్నో దూరంకెళ్లి తెచ్చుకునుడు వద్దు, పక్క జిల్లాలనే నేసింది అయితె మేలు అంటది. మా ఆసామి బామ్మర్ది ఎవలో ఆమెకు చెప్పిండట. మేడం అడిగింది పది మీటర్లు. ఒక్క గీత లేకుండ, ఒక్క పట్టె లేకుండ నేసి తేండ్రి, మంచిగుంటె ఏడాది పొడుగూత పని ఇస్త అన్నది. మొదలు రెండు సాంచాలకు, తర్వాత నాలుగింటికి.

ఆసామి నన్ను పిలిచి, "ఎనిమిదింట్ల ఒక్కదాన్ని నూలుకు మార్సిన. మెల్లగ నడిపియ్యాలె. గీ పది మీటర్లు నువ్వు నేస్తె ట్రాక్టర్ రాదు" అన్నడు. గంతే అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, దగ్గు వచ్చినట్టు చేసి బయటికి పోయిన.

ఇగ నా బద్మాష్ కాళ్ల సంగతి ఇనుండ్రి. నూలు పోగు పాలిస్టర్ లెక్క గట్టిగ ఉండది. ఎప్పుడు తెగుతదో తెల్వది. పడుగుల ఒక్క పోగు తెగినా సాంచ ఆగది, తెగిన జాగ కాడికెళ్లి గుడ్డ పొడుగూత గీత పడుకుంట పోతనే ఉంటది. అందుకే మనిషి ముంగటనే నిలవడి కన్నార్పకుండ సూడాలె. నేను కండె వెట్టి హ్యాండిల్ కొట్టిన. సాంచ నడుస్తుంది. మంచిగున్నది. సోయి వచ్చేసరికి నేను ఐదో సాంచ ముంగట నిలవడి ఉన్న. గది ఆగిపోయి ఆర్నెల్లయింది. దాని మీద దుమ్ము. నేను దాని నాడె దిక్కు చెయ్యి జాపిన. అంటె, నడిసే సాంచ ఒక్కటైనా, నా కాళ్లు ఎనిమిదింటికి తిరుగుతున్నయ్. ఆగిన ఏడు సాంచాల చుట్టు తిరిగి, కండె ఒడిసే యాళ్లకు సక్కగ మొదటిదానికాడికి వస్తున్న. గప్పటికి నడిమిట్ల పోగు తెగి మూరెడు గీత పడ్డది.

తిట్టుకున్న. ముడేసి మల్ల కొట్టిన. మల్ల పోయిన. ఒట్టు, పోవాలని పోలే. పది మీటర్లల్ల నాలుగు గీతలు పడ్డయ్. ఆసామికి గవి సన్నగ కనవడ్డయో, కనవడనట్టు చేసిండో, మడత వెట్టి సంచిల ఏసిండు. ఇద్దరం వేములవాడ మీదికెళ్లి జగిత్యాల పోయినం. మేడం గుడ్డను ట్యూబులైట్ ముంగట పట్టింది. వేలు వెట్టి ఒక్కొక్క గీత మీద గీసి సూపిచ్చింది. నాలుగు. నాకు తలకాయ తీసేసినట్టయింది. "ఇంకోసారి సూద్దాం" అన్నది.

రెండోసారి ఆసామి ప్లాస్టిక్ కుర్చి తెచ్చి సాంచ ముంగట ఏసిండు. "లేస్తె కాలు ఇరగ్గొడ్త" అన్నడు. కూసున్న. కాళ్లు నిలవడ్డయ్, చేతులు నిలవడలే. ఊకె కూసుంటె ఏదో పోగు తెగినట్టే అనిపిస్తది. హ్యాండిల్ ఆపుడు, వంగి సూసుడు, ఏం లేకుంటె మల్ల కొట్టుడు. ఆపి కొట్టినప్పుడల్ల గుడ్డ మీద అడ్డంగ ఒక సన్న పట్టె పడ్తది. గది పడకుండ చేసే తీరు ఉన్నది, ఒక్క పేక ఎన్కకు తీసి, సాంచను చేతితోని ముంగటికి తెచ్చి, గప్పుడు కొట్టాలె. నాకు తెలుసు. తెలిసి గూడ నాకు ఓపిక లేదు. మేడం ఈసారి పట్టెలు లెక్కవెట్టలే. గుడ్డ మడత వెట్టి ఇచ్చి, ఇంకొక్కసారే, దసరాకు ముందు గుడ్డ గావాలె, లేకుంటె వేరే కాడ సూసుకుంటనన్నది. తిరుగు బస్సుల ఆసామి కిటికి దిక్కు మొకం వెట్టి కూసున్నడు. తిట్టినా బాగుండు.

మూడోసారి మొదలువెట్టిన దినం నా పెండ్లాం షెడ్డుకు బువ్వ తెచ్చింది. కంపెనీ ఆకు ఇయ్యలే, చేతుల పని లేదు. నేను తినెదాక సాంచను జర సూడు అని కుర్చిల కూసోవెట్టిన. కూసున్నది. చాట ముంగట కూసున్నట్టే కూసున్నది. నేను రెండో ముద్ద పెట్టుకున్ననో లేదో, "గా ఎడమ దిక్కు పోగు సన్నగైతుంది" అన్నది. తెగలే, మంచిగనే ఉన్నది అన్న. "దూది లేస్తుంది సూడు" అన్నది. వంగి సూసిన, ఏం కనవడలే. ఇంకో నాలుగు పేకలు పడ్డయ్, గా పోగే తెగింది.

బువ్వ ఇడిసిపెట్టి లేసిన. నేను పోయేసరికే ఆమె రెండు కొసలు పట్టుకొని ముడేసింది. ఆమె ముడి నా ముడికన్న చిన్నగున్నది. బీడీకి దారం కట్టే వేళ్లు గవి, ముప్పై ఏండ్ల సంది గదే పని. ఎన్కకు పేక తీసే తీరు ఒక్కసారి సూపిచ్చిన. ఆమె ఎప్పుడు ఆపినా, మరువకుండ, తొందరవడకుండ, గట్లనే చేసింది. నాకు సంబురం గావాలె. నిజం జెప్తున్న, కడుపుల మండింది. చాయ్ తాగొస్త అని బయటికి పోయిన. ఒక చాయ్ తాగిన, ఇంకో చాయ్ తాగిన, చౌరస్త దాక నడిసిన, మల్లొచ్చిన. సాంచ నడుస్తనే ఉన్నది. ఆమె నన్ను పిలువకుండ కండె గూడ తనే మార్చింది.

మా వాడల ఆడోళ్లు కండెలు చుడ్తరు, సాంచ ముట్టరు. ఎందుకు ముట్టరు అని నేను ఎన్నడు అడగలే, ఎవ్వలు చెప్పలే, గట్లనే నడుస్తుంది. నాకు భయమైంది. "ఎవలన్న సూస్తరు, లే" అన్న. "ఇంకా ఎనిమిది మీటర్లున్నది" అని ఆమె లేవలే. ఇగ నేనేం జేసిన? షెడ్డు తలుపు కాడ కావలి ఉన్న. ఆసామి వస్తె సప్పుడు చెయ్యనీకి. గా దినం, మరునాడు, రెండు దినాలు తలుపు ముంగట అటు ఇటు తిరిగిన. పది మీటర్లల్ల నేను నేసింది రెండు మీటర్లు, అండ్ల గూడ సగం ఆమె సూడంగ.

జగిత్యాల పోయేనాడు ఆమెను గూడ తోల్కపోయిన. ఆడికెళ్లి కోరుట్ల పోదాం, ఆమె తల్లికి మోకాళ్ల నొప్పులు, సూసి వద్దాం అనుకున్నం. మేడం గుడ్డ లైటు ముంగట పట్టింది. ఎంతసేపు సూసిందో! తర్వాత నవ్వింది. "ఎవరు నేసిండ్రు?" అని అడిగింది. ఆసామి నా భుజం మీద చెయ్యేసి, "మావోడే మేడం, ఇరవై రెండేండ్ల చెయ్యి" అన్నడు. ఆయనకు తెల్వది. తెలిసింది ఇద్దరికే. ఒకలు నేను, ఇంకొకలు సంచి పట్టుకొని గోడకాడ నిలవడ్డది. నేను నోరు తెరిస్తె ఒక్క మాట. తెరవలే.

మేడం ఆడ ఒక పద్ధతి పెట్టుకున్నది. గుడ్డ ఎవలు నేస్తె వాళ్ల ఫొటో ఒక చిన్న అట్ట మీద అచ్చేసి అంగీకి కడ్తది. కొనుక్కున్నోళ్లకు ఇది ఎవల చేతులకెళ్లి వచ్చిందో తెల్వాలె అంటది. నన్ను నిలవడుమని ఫోన్ తీసింది. గుడ్డ జారుతుంటె నా పెండ్లాం దిక్కు తిరిగి, అక్కా, జర గా కొస పట్టుకుంటవా అన్నది. ఆమె పట్టుకున్నది. ఫొటో మంచిగ వచ్చిందని మాకు సూపిచ్చింది. నేనున్న, గుడ్డ ఉన్నది, గుడ్డ కొసకు రెండు వేళ్లున్నయ్. అచ్చేసేటప్పుడు గా వేళ్లు గూడ పోయినయ్.

కోరుట్ల బస్సుల ఆమె లొల్లి వెడ్తదనుకున్న. పెడ్తె పాణం తేలికవడుతుండె. ఆమె ఆడోళ్లకు పైసల్లేకుండ ఇచ్చే జీరో టికెట్ తీసుకొని, నా టికెట్ నన్నే తీసుకొమ్మని, కిటికి కాడ కూసున్నది. తల్లికి ఏ డాక్టర్ మంచిగ సూస్తడో మాట్లాడింది. గీసారి వానలు ఎట్లున్నయో మాట్లాడింది. బిడ్డ ఫోన్ చెయ్యలేదని మాట్లాడింది. గుడ్డ మాట తప్ప అన్ని మాట్లాడింది. సిగ్గుతోని నేను సీట్ల కూసోలేకపోయిన. జాగ ఉండి గూడ మెట్‌పల్లికి పోయేటోళ్ల నడిమిట్ల నిలవడి పోయిన.

ఆర్డర్ వచ్చింది. నూలు వచ్చింది. రెండు సాంచాలు మొదలువెట్టినం. బువ్వ తెచ్చే యాళ్లకు ఆమె వస్తదని సూస్తున్న. పక్కింటోళ్లతోని టిఫిన్ పంపింది. కంపెనీ ఆకు ఇచ్చిందట, తీరుత లేదట. రెండో దినం గట్లనే. నేను ఒక్కన్నే నేసిన. ఎట్ల నేసినో మీకు చెప్పాల్నా? ముప్పై మీటర్లల్ల మంచి గుడ్డ తొమ్మిది మీటర్లు తేలింది. మిగతాది ఆగిన సాంచ ఎన్క చుట్టవెట్టి దాసిన. నలభై మూడేండ్లోన్ని, గుడ్డ దాసుకుంటున్న.

ఇంటికి పోయి ఆమెను అడిగిన, రేపటికెళ్లి రారాదు అని. చాటల బీడీలు కట్ట గడుతుంది. తల ఎత్తలే.

"ఎందుకు రాను, వస్త. గని దొంగలెక్క రాను. నువ్వు తలుపు కాడ కావలి ఉండుడు, నేను లోపల నేసుడు, గది నాతోని గాదు" అన్నది.

ఇగ మూడు దినాలు నాకు నిద్ర లేదు, తిండి లేదు. చెప్తె ఏమైతది? ఒక సాంచకు ఒక్కలే మనిషి. ఆమెను నిలవెడ్తె రెండోదానికి గూడ గసొంటి చేతులనే అడుగుతరు, నేను పోవాలె. చెప్పకుంటె ఏమైతది? దసరా రాకముందే మేడం ఆర్డర్ వాపస్ తీసుకుంటది, ట్రాక్టర్ వస్తది, ఎనిమిది పోతయ్. అటు భీమండికెళ్లి జోడీగాడు, ఈ నెల దాటితె రూముల జాగ ఉండదని ఫోన్. వాడను నాలుగు చుట్లు తిరిగిన. తిరిగినకొద్ది ఒక్కటే సమజైంది. పని పోతదని గాదు నా భయం. నాకు రాని పని ఆమెకు వచ్చిందని పదిమంది ముంగట ఒప్పుకునుడే భయం. గది తెలిసినంక నా మీద నాకే అసహ్యం ఏసింది.

మొదలు ఆసామికి చెప్పిన. ఆయన దాసిన గుడ్డ ఇప్పి సూసి, కుర్చిల కూలవడ్డడు. ఆడోళ్లను సాంచ మీద నిలవెడ్తె వాడ ఏమంటది, రేపు ఏమన్న సాంచల చెయ్యి పడితె ఎవలు జవాబు చెప్పాలె అని శానసేపు అరిసిండు. అరిసి అరిసి, "ఫొటో దిగినోనివి నువ్వు. పోయి మేడంకు నువ్వే చెప్పుకో" అన్నడు. ఫోన్ చేస్తె సగంల కట్ చేస్తనని నాకు తెలుసు. గందుకే పొద్దుగాల బస్సెక్కి ఒక్కన్నే జగిత్యాల పోయిన.

"మేడం, గా గుడ్డ నేసింది నేను గాదు. నా పెండ్లాం. గుడ్డ కొస పట్టుకున్నదే, గామె" అన్న.

తిడ్తదనుకున్న. మేడం, నా పెండ్లాం ఇంతకుముందు ఏం పని చేసేదని అడిగింది. బీడీలు అన్న. ఎన్నేండ్లు అన్నది. చిన్నప్పటి సంది అన్న. గసొంటి చేతులున్నోళ్లు ఇంకా ఉన్నరా అని అడిగింది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. కోరుట్లకు పోతె గల్లి గల్లికి ఉన్నరు మేడం, మేడిపల్లిల ఉన్నరు, మా వాడల ఉన్నరు, ఆకు లేక ఊకె కూసున్నరు అన్న. ఆమె కాగితం తీసి రాసుకుంటుంది. నేను నా నోటితోని నా జాగలకు మనుషులను చెప్పుకుంట పోతున్న. చివరికి ఆమె పెన్ను ఆపి, మరి మీరేం చేస్తరు అని అడిగింది. గది నేను ఆలోచించుకొని పోలే. ఏదో ఒకటి చేస్త మేడం అని లేసిన.

ఇప్పుడు షెడ్డుల నాలుగు సాంచాలు నడుస్తున్నయ్. సాంచకు ఒక్కలు, నలుగురు ఆడోళ్లు. ఇద్దరు మా వాడోళ్లు, ఒకామె వీర్నపల్లికెళ్లి బస్సుల వస్తది, నాలుగో ఆమె నా పెండ్లాం. వాడ ఏమన్న అన్నదా అంటె, అన్నది. నెల దినాలు అన్నది. తర్వాత మా షెడ్డు ముంగట ఆగి, మా కోడలికి ఏమన్న జాగ ఉన్నదా అని అడుగుడు మొదలువెట్టింది. ఆసామి ఇప్పుడు ఆడోళ్లు కొంగు సాంచల పడకుండ ముడేసుకోవాలె అని ఒక్కటే ఒర్రుతడు, మిగతాదంత నా పెండ్లాన్ని అడిగే చేస్తడు. అట్ట మీద ఆమె ఫొటో వచ్చింది. బిడ్డ గది తన ఫోన్ల పెట్టుకున్నది. సూసి నాకు నిజంగనే సంబురమైంది. గది అబద్ధం గాదు.

నాకు పని ఉన్నది, లేదనను. పడుగు చుట్టిన భీములు దించుత, ఎక్కిస్త, మోటర్ బిగిస్త, గుడ్డ బేళ్లు ఆటోల ఏసి జగిత్యాల పోయొస్త. అది వారంల రెండు దినాలు. మిగతా ఐదు దినాలు ఏం జెయ్యాలె? పొద్దుగాల ఆమె డబ్బ కట్టుకొని పోతది. నేను ఇల్లు ఊడుస్త, బోళ్లు తోముత, తోమినయ్ మల్ల తోముత. చౌరస్తకు పోత. ఆడ నాలాంటోళ్లే పదిమంది, సాంచాలు పోయినోళ్లు, ఒక్కడు కూసోడు. మాట్లాడుకుంట గూడ తిరుగుతనే ఉంటరు. జోడీగాడు ఫోన్ చేసుడు బందువెట్టిండు. నేను పోనని వానికి ఎట్ల తెలిసిందో.

మొన్న పొద్దుమీకి ఆమె వచ్చి, కాళ్లు కడుక్కొని, బువ్వ తినుకుంట చెప్పింది. మేడం ఇంకో ఆర్డర్ ఇచ్చిందట. ఐదో సాంచను నూలుకు మారుస్తున్నరట. దానికి మనిషిని నువ్వే సూడుమని ఆసామి ఆమెతోని అన్నడట. నన్ను గాదు, ఆమెను. నేను ఇంట్ల గా మూలకెళ్లి ఈ మూలకు నడుస్తున్న. ఇరవై రెండేండ్లు గా ఐదో సాంచ నాదే. దాని సప్పుడు ఇంటె అది ఏం అడుగుతుందో చెప్తుంటి. అడుగుదామా వద్దా అని రెండు మూడు సార్లు నోటిదాక వచ్చి ఆగింది. చివరికి అడిగిన.

"నన్ను పెట్టుమని చెప్తవా?"

ఆమె తినుడు ఆపింది. నవ్వుతదనుకున్న. నవ్వలే. కడుపుల ఏం వెట్టుకోకుండ, బిడ్డకు చెప్పినట్టు మెల్లగ అన్నది.

"చెప్త. గని నిలవడ్తవా?"

నిలవడ్త అన్న. ఒట్టేసి చెప్పిన. ఆమె నా మొకం దిక్కు సూడలే, కాళ్ల దిక్కు సూసింది. నేను గూడ సూసుకున్న. నడుస్తున్నయ్.